తాత తూటా, అవ్వ సూదులు

విమానం ఎక్కుదామని బయలుదేరి గిద్దలూరు బస్సు ఎక్కినదాన్ని నేను. మా ఊళ్ళు చూడటానికి ఎవరూ పనిగట్టుకుని రారు. వచ్చినవాళ్ళు కూడా శ్రీశైలం దారిలో కిటికీలోంచి కొండలు చూసి వెళ్ళిపోతారు. నాలుగు రోజుల్లో నేను అక్కడ తిరిగిన తిరుగుడు అలాంటివాళ్ళ కోసమే రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ అది తగ్గేలా లేదు.

సోమవారం: గాజు తలుపుల లోపల

నా పేరు సుజాత. నర్సును. రాచర్ల దగ్గర చిన్న పల్లె మాది. పదకొండేళ్ళు ప్రైవేటు ఆసుపత్రుల్లో పన్నెండు గంటల డ్యూటీలు చేశాక, మస్కట్‌లో ఒక ఆసుపత్రివాళ్ళు నన్ను పిలిచారు. శుక్రవారం కొచ్చిలో ఆఖరి ఇంటర్వ్యూ. నా మీద ఏ కేసూ లేదని పోలీసువాళ్ళిచ్చిన కాగితం కూడా సంచిలో ఉంది. అక్కడ స్నేహితురాలి గదిలో నాలుగు రోజులుండి చదువుకోవచ్చని సోమవారమే బయలుదేరాను.

ఏ విమానాశ్రయమో చెప్పను. అక్కడ రెండు ఇడ్లీలు రెండు వందల ఎనభై రూపాయలు. చట్నీ ఆసుపత్రిలో మాత్రలు వేసిచ్చే మూతంత గిన్నెలో పెట్టారు. ఇంకొంచెం వేయమంటే, ఆ పిల్ల నేను ఆమె జీతం అడిగినట్టు చూసింది. అప్పుడే నా రోజు ఎలా ఉండబోతోందో అర్థం కావలసింది.

తనిఖీ దగ్గర నా చేతిసంచి లోపలికి వెళ్ళింది, బయటికి రాలేదు. తెర ముందు కూర్చున్నామె ఇంకొకరిని పిలిచింది. ఆ వచ్చినాయన మరొకరిని పిలిచాడు. చివరికి నలుగురు చేరి సంచి విప్పించి అవ్వ సూదుల గొట్టం బయటికి తీశారు.

చూపుడువేలంత ఇత్తడి గొట్టం అది, పైన వేపకర్ర బిరడా. లోపల నాలుగు సూదులు, నల్ల దారం, తెల్ల దారం. నర్సింగు చదువుకు పోయేటప్పుడు అవ్వ నా చేతిలో పెట్టింది. హాస్టల్లో అందరి బొత్తాలూ ఆ గొట్టంతోనే నిలిచాయి.

"ఇది తూటా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"కాదు సార్, సూదుల గొట్టం."

ఆయన దాన్ని బోర్లించి అడుగు చూపించాడు. అంచున అంకెలు, నడుమ సూది మొనతో పొడిచినంత సొట్ట. పేల్చినప్పుడు పడే గుర్తు అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా తాత రంగయ్యకు అడవి అంచున వేరుశనగ చేను ఉండేది. పందుల నుంచి పంట కాపాడుకోవడానికి సర్కారు ఆయనకు లైసెన్సు తుపాకి ఇచ్చింది. పేల్చిన గొట్టానికి ఆయనే బిరడా చెక్కి అవ్వకిచ్చాడట. నాకు తెలియక కాదు. తెలిసిన సంగతే, మరిచిపోయి ఇరవై ఏళ్ళయింది. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో దాన్ని సూదుల గొట్టం అని తప్ప ఎవరూ మరో మాట అనలేదు. రోజూ పిలిచే పేరే మనిషికి గుర్తుంటుంది గానీ పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి గుర్తుంటాయి!

విమానం వెళ్ళిపోయింది. నన్ను పోలీసులకు అప్పగించారు. అక్కడి ఇన్‌స్పెక్టరు నలభై ఏళ్ళ మనిషి, మర్యాదగానే కూర్చోమన్నాడు. కాగితం మీద మొదటి మాట 'ఆయుధం' అని రాశాడు.

"ఆయుధం అని రాయకండి సార్. ఖాళీ గొట్టం అది. ఊది చూడండి, ఈల వస్తుంది."

"ఖాళీదైనా తూటా తూటానే అమ్మా."

"పోయిన నెల ఇదే సంచి, ఇదే గొట్టం, రెండు విమానాశ్రయాలు దాటి వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు."

"ఆ మాట ఇంకెక్కడా అనకండి," అన్నాడాయన కలం ఆపి. "అది ఇంకో రెండు కేసులవుతుంది."

తర్వాత ఆయన చేసిన పని చూడండి. గొట్టంలోంచి నాలుగు సూదులూ తీసి, దారాలతో సహా నా చేతికిచ్చాడు. గుచ్చుకునేవి నాకిచ్చేసి, గుచ్చుకోనిది దాచుకున్నాడు. ఇదేం న్యాయం సార్ అంటే, సూదులు నిషేధం కాదన్నాడు.

ఆ తుపాకికి లైసెన్సు ఉందని గురువారం సాయంత్రం ఐదులోగా రుజువు తెస్తే, డైరీలో ఒక ముక్క రాసి వదిలేస్తాను అన్నాడు. నకలు పనికిరాదు, అసలు లైసెన్సే కావాలి. తేకపోతే ఆయుధాల చట్టం కింద కేసు. నా పేరు మీద కేసు నంబరు పడిందంటే సంచిలోని పోలీసు కాగితం చిత్తుకాగితమే, మస్కట్ మాట మరిచిపోవాల్సిందే. పదకొండేళ్ళు రోగుల మలమూత్రాలెత్తి సంపాదించుకున్న అవకాశం నాలుగు సూదుల కోసం పోతుందంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం: గిద్దలూరులో ఉగ్గాని

తెల్లవారి గిద్దలూరులో బస్సు దిగాను. ఉగ్గాని తెలియనివాళ్ళకు చెబుతాను. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు రెండు. అన్నీ కలిపి నలభై రూపాయలు. విమానాశ్రయం ఇడ్లీ డబ్బులతో ఏడుగురు తినొచ్చు.

"ఏంది పాపా, మొగం అట్ల మాడ్చుకున్నావు? బజ్జీ కారమా?" అంది బండి దగ్గర ఆమె.

చెప్పాను. చెప్పడం మొదలుపెట్టింది ఆమెకే గానీ, ముగిసేసరికి బల్ల మీద నలుగురూ వింటున్నారు.

"మా ఇంట్లో గూడా ఒకటి ఉండాది గదా!" అన్నాడొకాయన. "మా యమ్మ దాంట్లో సున్నం పెట్టుకుంటాది. ఆకూ వక్కా ఏసుకునేదానికి."

"మా చిన్నాయన రెండు గొట్టాలు కోసి ఎద్దుల కొమ్ములకు తొడిగినాడు," అన్నాడు రెండో ఆయన. "తిరనాళ్ళలో ఎంత మెరిసేవో!"

"అయితే ఎద్దుల్ని గూడా విమానం ఎక్కించగాకండి," అంది బండి ఆమె.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ లెక్కన ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది జైల్లో ఉండాలి. మా వైపు ఇత్తడి ముక్క దొరికితే పారేసే అలవాటు లేదు. ఏదో ఒక పనికి పెట్టుకుంటాం. అది నేరమని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

రాచర్ల ఆటోలో నా పక్కన ఒక పెద్దాయన ఒళ్ళో మేకపిల్లతో కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరిచ్చిన నోటీసు తీసి మళ్ళీ చదువుకుంటున్నాను. ఆటో గుంతలో పడి ఎగిరింది. నేను కడ్డీ పట్టుకునేలోగా మేకపిల్ల నోటీసు మూల కొరికేసింది.

"అయ్యో, ఏమనుకోగాకమ్మా," అని ఆయన దాని నోట్లో వేలు పెట్టి చూశాడు. "మింగేసినాది. సంతకం మటుకు మిగిలినాదిలే."

"అదైనా పూర్తిగా తిన్నింటే బాగుండేది పెద్దాయనా," అన్నాను. ఆయన ముప్పై రూపాయల ఆటో కిరాయి నాది కూడా తానే ఇవ్వబోయాడు. నేను ఒప్పుకోలేదు.

ఇంటికి పోయేసరికి అమ్మ తాత ఇనప్పెట్టె విప్పి కాగితాలన్నీ మంచం మీద పరిచింది. తాత పోగానే తుపాకి సర్కారుకు అప్పజెప్పారు గానీ, లైసెన్సు పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. పుస్తకం కనబడగానే ప్రాణం లేచొచ్చింది. అట్ట తెరిచాను. కర్నూలు జిల్లా అని ముద్ర, తాత పేరు, తండ్రి పేరు, తుపాకి నంబరు. వీటి పక్కన ఫోటో ఉండాల్సినచోట చతురస్రంగా ఒక కంత. కంతలోంచి రెండో పేజీ కనబడుతోంది.

"మీ అత్త కత్తిరించుకోని పోయినాది," అంది అమ్మ. "మీ తాత కాలం జేసిన ఏడాది. నేను చూస్తానే ఉండినా. తుపాకే లేనప్పుడు ఇంక పుస్తకమేందికి అనుకుంటి."

ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను. విన్నాడు. "ఫోటో లేకపోతే ఎవరో ఒక రంగయ్య లైసెన్సు తెచ్చారనుకోవాలి కదమ్మా," అన్నాడు. "ఫోటో తెండి. లేదంటే లైసెన్సిచ్చిన ఆఫీసు రికార్డు తెండి."

అత్త సంగతి నాకు తెలుసు. ముందు ఆఫీసే నయమనిపించింది.

బుధవారం పొద్దున: పేరు చెప్పని ఆఫీసు

పొద్దున్నే గిద్దలూరులో రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. ఒకప్పుడు తెలుగునాట ఏ బడిపిల్ల చేతిలో చూసినా మార్కాపురం పలకే ఉండేది. ఇప్పుడు పలకలు పట్టేవాళ్ళు తగ్గిపోయి, రాళ్ళు ఇళ్ళ గోడలకు అతికించుకోవడానికి పోతున్నాయి. పలకరాళ్ళ ముక్కలు దారి పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడి నుంచి ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఊరిదో చెప్పను, చెబితే మిగతా ఆఫీసులు చిన్నబుచ్చుకుంటాయి.

గుమాస్తా లైసెన్సును అటూ ఇటూ తిప్పాడు.

"ఇది కర్నూలోళ్ళు ఇచ్చినది. కర్నూలు పోవాల."

"మనం కర్నూల్లో లేం కదా సార్."

"అప్పుడు ఉన్నాం గదా. ప్రకాశం జిల్లా రాకముందు మనది కర్నూలే."

"మరి ప్రకాశం వచ్చాక రెన్యువల్ అయింది చూడండి, ముద్ర ఉంది."

"అట్లయితే ఒంగోలు పో."

"ఇప్పుడు మార్కాపురమే జిల్లా అంటున్నారు కదా?"

"అంటాండారు. రికార్డులు రావాల గదమ్మా."

"ఎప్పుడొస్తాయి?"

"వచ్చినప్పుడు తెలుస్తాది."

మా తాత ఆ ఇంట్లోనే పుట్టాడు, ఆ చేలోనే పని చేశాడు, ఆ ఊరి వల్లకాట్లోనే కాలాడు. ఆయన అంగుళం కదల్లేదు. జిల్లాలే ఆయన మీదుగా వచ్చాయి, పోయాయి. వాళ్ళు గీతలు మార్చుకున్నప్పుడల్లా కాగితాలు వెతుక్కుంటూ తిరగాల్సింది మాత్రం మేము. ఈ మాట గుమాస్తాతో గట్టిగానే అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "నిజమేనమ్మా, మా నాయన సర్వీసు రికార్డు కోసం నేనూ రెండేండ్లు తిరిగినా," అన్నాడు. ఆ మాటతో నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో కూడా తెలియకుండా పోయింది.

బుధవారం మధ్యాహ్నం: పెద్దారవీడు, అత్త ఇల్లు

పెద్దారవీడు బస్టాపులో నల్లమల నుంచి దిగివచ్చిన ఒకామె తేనె, కుంకుళ్ళు పెట్టుకుని అమ్ముతోంది. తేనె కిలో ఆరు వందలంది. నడుముకు చిన్న కత్తి ఉంది. దాంతోనే తేనెపట్టు ముక్క కోసి రుచి చూడమని నా అరచేతిలో పెట్టింది. ఆ కత్తిని చూసి బస్టాపులో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. మనిషి చేతిలో వస్తువుంటే దాంతో ఏం పని చేస్తారో చూడటం మా వైపు పద్ధతి. గాజు తలుపుల దగ్గర ముందు నేరం చూస్తారు, మనిషిని ఆ తర్వాత చూస్తారు.

మా అత్త చెన్నమ్మకు డెబ్బై దాటాయి. తాతకు పెద్దబిడ్డ. మాట తుపాకి కంటే ముందు పేలుతుంది. నేను వచ్చిన పని చెప్పగానే దేవుడి గూటి ముందుకు వెళ్ళి నిలబడింది, నేను లాక్కుని పారిపోతానన్నట్టు.

గూట్లో రెండు జానల ఫ్రేము. దాని నడుమ ఎర్రగుడ్డ మీద తపాలా బిళ్ళకు కొంచెం పెద్దదిగా తాత ఫోటో. తలపాగా, మీసం, ఎదుటి మనిషిని నమ్మని చూపు. ఎడమ భుజం మీద కర్నూలు ముద్ర సగం.

"ఇంకో ఫోటో ఏదైనా ఉందా అత్తా?"

"యాడుండాది? తుపాకి కావాలంటే ఫోటో కావాలన్నారు, అందుకే దిగినాడు. మా నాయన మొగం కావాలని ఏ సర్కారోడూ అడగల్యా."

"అత్తా, ఈ ఫోటో లేకపోతే నా మీద కేసు పెడతారు. ఉద్యోగం పోతుంది."

"పెడితే పెట్టనీ. ఎలచ్చన్లప్పుడు తుపాకి అప్పజెప్పేదానికి తప్ప మా నాయన పోలీస్టేషన్ గడప తొక్కల్యా. సచ్చినాక పంపియ్యాల్నా?"

నాకూ కోపం వచ్చింది. "లైసెన్సు కత్తిరించింది నువ్వు కాదా? ఆ కంత లేకుంటే నేను మంగళవారమే వెనక్కి పోయేదాన్ని," అన్నాను. అత్త గూటి ముందు నుంచి కదిలింది. వంటింట్లోకి పోయి సజ్జరొట్టె, గోంగూర తెచ్చి నా ముందు పెట్టింది. నేను తింటున్నంతసేపూ గుమ్మంలో కూర్చుని లైసెన్సు పుస్తకంలోని కంతను వేలితో తడుముతూ ఉంది. చదువు రాదు ఆమెకు. నాన్న పేరు ఎక్కడుందో చూపించమంటే చూపించాను.

"తిన్యావా?" అంది చివరికి. "పా, నేనూ వస్తా. ఫోటో మటుకు నా చేతుల్లోనే ఉంటాది."

గురువారం: సగం ముద్రలు

నాలుగు రొట్టెల మూట, ఒళ్ళో ఫ్రేము. బస్సు దిగేదాకా అత్త ఆ రెంటినీ వదల్లేదు. ఫ్రేము మీద గుడ్డ కప్పింది, దారిలో కొత్త ఊళ్ళు వచ్చినప్పుడు మాత్రం తీసి కిటికీ వైపు తిప్పింది. ఎందుకని అడగలేదు నేను.

విమానాశ్రయం బయట టీ నూట అరవై అంటే, "దాంట్లో ఏం పోస్తారు, పాలేనా?" అని ఆ కుర్చీల్లోనే రొట్టెల మూట విప్పింది. బయటి తిండి తినకూడదని ఒకతను వచ్చి చెప్పబోయాడు. అత్త అతనికీ ఒక రొట్టె తుంచి ఇచ్చింది. అతను తీసుకుని, కెమెరా లేని వైపు తిరిగి తిన్నాడు.

నాలుగున్నరకు ఇన్‌స్పెక్టరు ముందు కూర్చున్నాం. లైసెన్సు పుస్తకం బల్ల మీద పెట్టాను. అత్త ఫ్రేము మీది గుడ్డ తీసింది. ఆయన ఫోటోను చూశాడు, పుస్తకంలోని కంతను చూశాడు. కంత పక్కన మిగిలిన సగం ముద్రను వేలితో చూపించాడు.

"ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ముద్ర కలిస్తే చాలు."

"పెట్టి చూసి తిరిగిచ్చేస్తారు కదా సార్?" అన్నాను.

"లేదమ్మా. అసలు లైసెన్సు ఫోటోతో సహా ఫైల్లో ఉండాలి. కేసు లేదని నేను రాస్తున్నానంటే, ఎందుకు లేదో పైవాళ్ళకు చూపించాలి. తర్వాత అర్జీ పెట్టుకోండి, తిరిగిస్తారు."

"ఫోన్లో ఫోటో తీసుకోండి. జిరాక్సు తీసుకోండి. ఆ మనిషికి ఉన్నది ఇదొక్కటే ఫోటో సార్!"

నా గొంతు పెరిగింది. పక్క గదిలోంచి ఒక కానిస్టేబులు తొంగిచూశాడు. పందుల్ని బెదిరించడానికి ఒక మనిషి ఎప్పుడో పేల్చిన తూటాకు, ఆయన కూతురి ఇంట్లో ఉన్న ఒక్క జ్ఞాపకం జరిమానానా? ఇన్‌స్పెక్టరు గడియారం వైపు చూశాడు. ఐదుకు పావుగంట.

అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండు కోడలా," అంది. ఫ్రేము బోర్లించి, నా దగ్గరున్న సూది అడిగి తీసుకుని, వెనక అట్టకు కొట్టిన చిన్న మేకులు ఒక్కొక్కటే పీకింది. ఫోటోను కొంగుతో తుడిచి తానే పుస్తకంలో పెట్టింది. రెండు సగాలూ కలిసి ముద్ర గుండ్రంగా అయింది.

"మా నాయన బతికింటే మనవరాలి కోసరం తానే వచ్చి నిలబడేటోడు సార్," అంది ఇన్‌స్పెక్టరుతో. "లేడు గాబట్టి ఫోటో నిలబడతాది. జాగర్తగా పెట్టండి. తడి తగలనీగాకండి."

ఆయన గమ్ము పూసి అతికించాడు. కేసు అవసరం లేదని డైరీలో రాశాడు. గొట్టం మాత్రం సర్కారు స్వాధీనం. సాక్షిగా అత్త వేలిముద్ర వేసింది. మర్నాడు నేను కొచ్చిలో ఇంటర్వ్యూకు కూర్చున్నాను, ఎంపికయ్యాను. అత్త ఖాళీ ఫ్రేముతో ఒక్కతే పెద్దారవీడు బస్సెక్కింది.

జవాబు

కొచ్చి నుంచి రాగానే అర్జీ పెట్టాను. రెండు నెలల్లో ఐదుసార్లు ఫోన్ చేశాను. ఫైలు పైకి పోయిందన్నారు, తర్వాత కిందికి వస్తోందన్నారు. నా వీసా వచ్చింది, టికెట్టూ వచ్చింది. పోయిన వారం జవాబు కూడా వచ్చింది. చదివి, నేనేమైనా తప్పుగా చదువుతున్నానా అని మళ్ళీ చదివాను. లైసెన్సు, ఫోటో లైసెన్సుదారుడికి మాత్రమే తిరిగి ఇవ్వబడును. సదరు రంగయ్య గారు తగిన గుర్తింపు కార్డుతో స్వయంగా హాజరై, సంతకం చేసి తీసుకోగలరు.

లైసెన్సుదారుడు చనిపోయాడని నా అర్జీ మొదటి వాక్యంలోనే ఉంది.

అత్తకు ఫోన్ చేసి చదివి వినిపించాను. వినిపిస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం లేదు. అత్త అవేవీ వినిపించుకోలేదు. జవాబు మాత్రం మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"అంటే, వాళ్ళ లెక్కలో మా నాయన బతికే ఉండాడా?"

"అలాగే రాశారు అత్తా."

అత్త గొంతు నేనెన్నడూ విననంత మెల్లగా వచ్చింది.

"పెద్దల అమావాస్య దగ్గిరకొచ్చినాది. ఈసారి మా నాయనకు బట్టలు పెట్టాల్నా, వద్దా? అది గూడా రాసి పంపమను."